బట్టల కొట్టు వెనక గుమ్మం

(ఒంగోలులో వర్తకులు, రొయ్య రైతులు, పారిశుద్ధ్య కార్మికులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో, సింగరాయకొండ దారిలో చిన్న ప్లాస్టిక్ రీసైక్లింగ్ యూనిట్ నడుపుతున్న వ్యక్తి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వర్తక సంఘం పెద్దలకు, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు నుంచి వచ్చిన రొయ్య రైతులకు, తెల్లవారుజామునే వీధులు ఊడ్చి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులకు నమస్కారం. మా యూనిట్‌లో పదకొండేళ్లుగా కవర్లు ఏరుతున్న పెద్దమ్మ కూడా వచ్చారు. అదిగో, మూడో వరుసలో గోడ పక్కన కూర్చున్నారు. ఈ రోజు నేను చెప్పబోయే వాటిలో సగం ఆవిడ దగ్గర నేర్చుకున్నవే.

ఈ బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టాను. ఒక పాల కవరు, కొత్త చొక్కా మీద వచ్చిన కవరు, ఒక చిప్స్ ప్యాకెట్, ఒక నీళ్ల సీసా. పక్కన గాజు గ్లాసులో నీళ్లు, ఒక కత్తెర. పాల కవరు నుంచి చిన్న ముక్క కత్తిరించి నీళ్లలో వేస్తున్నాను. వేలితో అడుగుదాకా నొక్కి వదిలేశాను. చూశారా, పైకి తేలింది. ఇప్పుడు సీసా ముక్క వేస్తున్నాను. మునిగిపోయింది. పాల కవరు పాలిథిన్, నీళ్ల కంటే తేలిక. సీసా పెట్ ప్లాస్టిక్, నీళ్ల కంటే బరువు. మా యూనిట్‌లో పెద్ద తొట్టిలో రోజంతా జరిగేది కూడా ఇదే. ముక్కలు చేసి తొట్టిలో వేస్తే పాలిథిన్ పైన తేలుతుంది; పెట్, ఇసుక, మట్టి అడుగున చేరతాయి. తేలినదాన్ని తెడ్లు ముందుకు తోసుకుపోతాయి. చొక్కా కవరు కూడా తేలుతుంది గానీ అది వేరే జాతి, దాన్ని నీళ్లతో పట్టుకోలేం. ఆ సంగతికి వస్తాను.

మెత్తని ప్లాస్టిక్ అని నేను అంటున్నది చేతిలో నలిపితే ఉండ అయిపోయే సరుకును. పాల కవరు, చీర కవరు, పరుపు మీది తొడుగు, ఫ్రిజ్ పెట్టె చుట్టూ వచ్చే షీటు, బస్తా లోపలి పలచని సంచి, మిరప మొక్కల కింద పరిచే మల్చింగ్ షీటు, ఇవన్నీ ఆ కోవలోవే. నీళ్ల సీసాను రోడ్డు మీద ఎవరైనా వంగి తీసుకుంటారు, ఎందుకంటే దానికి తూకం ఉంది, కొనేవాళ్లు ఉన్నారు. పాల కవరు కోసం ఎవరూ వంగరు. అర లీటరు కవరును కాటా మీద పెట్టి చూడండి, మూడు నాలుగు గ్రాములకు మించదు. కిలో కావాలంటే మూడు వందల దాకా ఏరాలి. ఎండలో అన్నిసార్లు నడుము వంచమని మనం ఎవరిని అడగగలం? అందుకే కవరు కాలువలో ఉంటుంది, ఆవు కడుపులో ఉంటుంది. ఒంగోలు గిత్తను ప్రపంచానికి ఇచ్చిన ఊరు మనది. ఇవాళ పశువైద్యులు ఆవుల పొట్ట కోసి కిలోల కొద్దీ కవర్లు తీస్తున్నారు. 2021 నవంబరులో పెన్నా వరద తగ్గాక నెల్లూరు వైపు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చిల్లచెట్ల కొమ్మలకు కవర్లు వేలాడుతూ, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గీత గీసినట్టు చూపించాయి.

ఆ కొమ్మకు చిక్కిన కవరుతో నేనేమీ చేయలేను. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే జనం నన్ను చూడగానే "మీరు ప్లాస్టిక్ రీసైకిల్ చేస్తారు కదా, మా కాలువ శుభ్రం చేయించండి" అంటారు. కాలువలో ఆరు నెలలు నానిన కవరు కిలో తెస్తే అందులో సగం బురద, నీరు. మిగిలిన సగం ఎండకు పెళుసెక్కి, పట్టుకుంటే పొడి అవుతుంది. దాన్ని కడగడానికి పోసే నీళ్లు, కాల్చే కరెంటు విలువ వచ్చే సరుకు విలువను మించిపోతాయి. నేను పట్టుకోగలిగింది తడి తగలకముందు ఉన్న కవరును. పదేళ్లు ఈ పని చేశాక నాకు తెలిసివచ్చిన ముఖ్యమైన విషయం ఇదే. కవరు కాలువదాకా పోయాక దాని వెంట పరుగెత్తడం కంటే, అది పొడిగా, శుభ్రంగా, గుట్టగా ఒకేచోట ఎక్కడ పడుతుందో అక్కడ చేయి చాచాలి.

అలాంటి చోటు ఒకటి చెబుతాను. పండగ ముందు ఒక రోజు పొద్దున ఎనిమిది గంటలకు బట్టల కొట్ల వీధికి వెళ్లండి. ముందు వైపు కాదు, వెనక వైపుకు వెళ్లండి. లారీలో వచ్చిన బేళ్లు దించి ఉంటాయి. ఒక కుర్రాడు బేలు మీది గోనె కోస్తాడు. లోపల పెద్ద పాలిథిన్ షీటు ఉంటుంది, దాన్ని చింపి పక్కకు విసురుతాడు. లోపల పది చీరలకు ఒక కవరు, ఒక్కో చీరకు మళ్లీ ఒక కవరు. అతని మోకాళ్ల ఎత్తున గుట్ట పెరుగుతుంది. అందులో ఒక్క కవరు కూడా మట్టిని చూడలేదు. గాజులా మెరుస్తుంటాయి. నేను ఒకసారి ఆ గుట్ట పక్కన నిలబడి గడియారం చూసుకున్నాను. టీ వచ్చింది. అందరూ తాగారు. ఖాళీ కప్పులు, అడుగున మిగిలిన టీ, టిఫిన్ పొట్లాలు, చట్నీ కవర్లు అన్నీ ఆ గుట్ట మీదే పడ్డాయి. తర్వాత కుర్రాడు మొత్తం ఎత్తి డబ్బాలో తొక్కాడు. నేను వెళ్లినప్పటి నుంచి పది నిమిషాలు అయింది. ఆ పది నిమిషాల ముందు అది సరుకు. కొనడానికి నేను జేబులో డబ్బుతో నిలబడి ఉన్నాను. ఆ తర్వాత అది నగరపాలక సంస్థ మోయాల్సిన బరువు.

అప్పటి నుంచి నేను ఇళ్ల తలుపులు తట్టడం తగ్గించి కొట్ల వెనక గుమ్మాల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. ఇళ్లలో వేరు చేయడం అవసరమే, అది జరగాలి. కానీ ఒక ఇంటి నుంచి వారానికి వచ్చేది గుప్పెడు. ఒక ఫర్నిచరు కొట్టు నుంచి, ఒక కిరాణా హోల్‌సేల్ గోడౌన్ నుంచి అదే వారంలో బస్తాలు వస్తాయి, అన్నీ ఒకే రకం. యంత్రానికి కావలసింది ఒకే రకం.

ఈ ఒకే రకం అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. నేను ఎక్కువ నష్టపోయింది అక్కడే. యూనిట్ పెట్టిన మొదటి సంవత్సరం ఒక పెద్ద ఊరి నుంచి లారీ సరుకు చవకగా వస్తుందంటే తీసుకున్నాను. అన్నీ కవర్లే అన్నారు. నేను పైపైన చూసి సరే అన్నాను. ముక్కలు చేశాం, కడిగాం, కరిగించే యంత్రంలోకి పంపాం. గంట తిరక్కుండానే షెడ్డంతా ముక్కు మండే ఆవిరి. ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చారు. యంత్రం ఆపి విప్పి చూస్తే లోపల మర మీద నల్లటి బొగ్గు పొర, ఇనుము తినేసినట్టు గుంటలు. ఆ సరుకులో ఫ్లెక్సీ ముక్కలు కలిశాయి. పుట్టినరోజుకీ, ఎన్నికలకూ కూడళ్లలో కడతారే, ఆ ఫ్లెక్సీలు. వాటిలో పీవీసీ అనే వేరే రకం ప్లాస్టిక్ ఉంటుంది. పాలిథిన్ హాయిగా కరిగే వేడిలో అది విరిగిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరిని వదులుతుంది. మనిషి ఊపిరితిత్తులకూ చేటు, ఇనుముకూ చేటు. అప్పుడు వచ్చిన గుళికల నిండా నల్ల మచ్చలు, గాలి బుడగలు. వాటితో పైపు తీస్తే బుడగ ఉన్నచోటల్లా చిల్లి. కొన్నవాళ్లు మొత్తం వెనక్కి పంపారు. డబ్బు పోయింది, అది వేరు. ఆ రోజు షెడ్డులో దగ్గుతూ బయటికి వచ్చిన మనుషుల ముఖాలు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి. ఆ రోజు నుంచి ఏరే బల్ల దాటకుండా ఒక్క కిలో కూడా యంత్రం దగ్గరికి పోవడం లేదు.

ఆ ఏరే బల్ల దగ్గర ఉండేది ఈ పెద్దమ్మ. ఇంతకు ముందు ఆవిడ పొగాకు గ్రేడింగ్‌లో పనిచేసేవారు. మన జిల్లాలో పొగాకు గ్రేడు చేయడం ఎంత నిక్కచ్చి పనో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆకు రంగు, మందం, మచ్చ అన్నీ ఒక్క చూపులో తేల్చాలి. ఆకుల మధ్య ప్లాస్టిక్ పోగు ఒకటి దొరికినా బేలుకు చెడ్డపేరు. ఇతర పదార్థాలు కలవకుండా చూడమని టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో రైతులకు ఎన్నిసార్లు చెబుతారో. ఆకులోంచి ప్లాస్టిక్ తీసిన చేతులే మా దగ్గర ప్లాస్టిక్‌లోంచి ప్లాస్టిక్ తీస్తున్నాయి.

ఆవిడ ఎలా ఏరుతారో చూపిస్తాను. ఈ చొక్కా కవరు తీసుకున్నాను. మైకు దగ్గర పెట్టి నలుపుతున్నాను, వినండి. కరకరమంటోంది. ఇది పాలీప్రొపిలీన్. ఇప్పుడు పాల కవరు. శబ్దం దాదాపు లేదు. రెండు బొటనవేళ్లతో లాగుతున్నాను, సాగుతోంది, తెల్లబడుతోంది, తెగడం లేదు. ఇది తక్కువ సాంద్రత పాలిథిన్. చొక్కా కవరును అంచున చిన్న గాటు పెట్టి లాగితే సాగకుండా సర్రున చిరిగిపోతుంది. ఆవిడ కవరును చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి నలిపి, చూడకుండానే ఎడమ బుట్టలోకో కుడి బుట్టలోకో వేస్తారు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టు పని మీద వస్తే మొదటి రోజు వాళ్లను ఆవిడ పక్కనే కూర్చోబెడతాను. పాలిథిన్ నూట పది డిగ్రీల దగ్గర కరుగుతుంది, పాలీప్రొపిలీన్‌కు నూట అరవై కావాలి. రెండూ కలిపి వండితే ఒకటి మాడుతుంది, ఒకటి ఉడకదు. బియ్యం, కందిపప్పు ఒకే గిన్నెలో ఒకే మంట మీద పెట్టినట్టు. ఈ చిన్న తేడా చెవికి దొరకడం మన అదృష్టం.

ఏరాక ఏమవుతుందో తొందరగా చెబుతాను. వదులుగా ఉన్న కవర్లు ఆటోలో వేస్తే మనం మోసేది గాలినే. అందుకని అదిమి బేళ్లు కడతాం. తర్వాత కత్తుల యంత్రంలో ముక్కలు, కడగడం, తొట్టిలో తేల్చడం, పిండడం. ఆ తడి ముక్కలను పెద్ద రోలు లాంటి డ్రమ్ములో వేస్తే అడుగున కత్తులు గిర్రున తిరుగుతాయి. ఆ రాపిడి వేడికి ముక్కలు ఆరి, ముడుచుకుని మరమరాల్లా అవుతాయి. సరిగ్గా ఆ క్షణానికి గ్లాసెడు నీళ్లు చల్లాలి. ఆలస్యమైతే అంతా ఒకే ముద్ద. ఆ మరమరాలను కరిగించి, జల్లెడ గుండా తోసి, చిల్లుల బిళ్లలోంచి దారాలుగా వదులుతాం. మన ఇళ్లలో జంతికల గొట్టం నొక్కినట్టే, కాకపోతే కింద నూనెకు బదులు చన్నీళ్ల తొట్టి. గట్టిపడిన దారాలను కత్తిరిస్తే సగ్గుబియ్యం గింజల్లాంటి గుళికలు. వ్యాపారంలో వీటిని దానా అంటారు. తెల్ల కవరు నుంచి వచ్చిన దానాకు మంచి ధర. అన్ని రంగులు కలిసిపోతే నలుపు వేయక తప్పదు, నలుపుకు ధర తక్కువ. కాగితం లేబుల్ ఉంటే మాడి జల్లెడకు అడ్డం పడుతుంది. పాల కవరు కడగకుండా ఇస్తే ఆ వెన్న వాసన గుళికలదాకా వెంటాడుతుంది. అందుకే మీ కౌంటరు మీద చేసే చిన్న పనులకు మా దగ్గర అంత విలువ ఉంది.

దానా తయారైతే పని అయిపోయిందని నేను మొదట్లో అనుకున్నాను. అక్కడే అసలు సగం మొదలవుతుంది. దాన్ని ఎవరు కొంటారు? ఆస్ట్రేలియాలో జరిగింది ఒకటి చెబుతాను. ఈ రంగంలో ఉన్న ప్రతివాళ్లూ తెలుసుకోవలసిన కథ. అక్కడ రెడ్‌సైకిల్ అనే పథకం 2011లో మొదలైంది. పెద్ద సూపర్ మార్కెట్ల గుమ్మాల దగ్గర డబ్బాలు పెట్టారు. జనం ఇంట్లో మెత్తని ప్లాస్టిక్ అంతా శ్రద్ధగా దాచి తెచ్చి వేశారు. ఏటేటా వచ్చేది పెరిగింది. దాన్ని తీసుకుని వస్తువులు చేసేవాళ్లు మాత్రం అంత పెరగలేదు. తీసుకునే ఫ్యాక్టరీల్లో ఒకదానిలో 2022లో అగ్నిప్రమాదం జరిగింది. ఆ నవంబరులో పథకం ఆగిపోయింది. జనం రీసైకిల్ అవుతోందని నమ్మిన ప్లాస్టిక్ గోడౌన్లలో గుట్టలుగా పడి ఉందని అప్పుడు బయటపడింది, సుమారు 11,000 టన్నులు. ఇంట్లో కడిగి, ఆరబెట్టి, మడిచి తెచ్చిన ప్రతి తల్లి నమ్మకం ఆ గుట్టలో ఉంది. సేకరించడం తెలిసినవాళ్లకు కూడా కొనేవాళ్లు లేకపోతే ఏమవుతుందో నాకు ఆ వార్త చదివాక పూర్తిగా అర్థమైంది. అందుకే మా యూనిట్‌లో ఒక నియమం పెట్టుకున్నాను. దానా ఎవరికి వెళుతుందో ఖాయం కాకుండా కొత్త వీధి సేకరణ మొదలుపెట్టం.

కొనేవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. నర్సరీల్లో మొక్కలు పెంచే నల్ల సంచులు చూశారు కదా, వాటికి ఈ దానా చక్కగా సరిపోతుంది. ఇంటి పునాదిలో కాంక్రీటు కింద పరిచే నల్ల షీటు, చెత్త సంచులు, వానకు ధాన్యం రాశి మీద కప్పే పట్టాలు కూడా అంతే. తినే వస్తువులు నేరుగా తగిలే వాటికి మా సరుకు ఇవ్వం, ఇవ్వకూడదు. ఇంకొక నిజం కూడా చెప్పాలి. ప్రతిసారి కరిగించినప్పుడు పాలిథిన్ బలం కొంత తగ్గుతుంది, అందుకని కొత్త గుళికలు కొంత కలుపుతారు. కాబట్టి రీసైక్లింగ్ ఉంది కదా అని కవర్లు ఎడాపెడా వాడవచ్చని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గుడ్డ సంచి తెచ్చుకునే మనిషి మా యూనిట్ కంటే గొప్ప పని చేస్తున్నారు.

రొయ్య రైతులతో రెండు మాటలు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక కొత్తపట్నం నుంచి అటు నెల్లూరు జిల్లా విడవలూరు దాకా తీరం ఎలా మారిందో మీకే బాగా తెలుసు. ఒక పంట పూర్తయ్యేసరికి గట్టు మీద మేత బస్తాలు ఎన్ని పోగవుతాయో లెక్కపెట్టారా? బస్తా పైది నేసిన పాలీప్రొపిలీన్. కొన్నింటిలో లోపల పలచని పాలిథిన్ సంచి ఉంటుంది. ఆ లోపలి సంచిని బస్తా ఖాళీ చేసిన రోజే లాగి విడిగా పెట్టండి. నెల తర్వాత లాగితే రాదు, మేత నూనెకు అతుక్కుపోతుంది. అప్పటికి ఎలుకలు, చీమలు చేరతాయి. బస్తాలు దులిపి, బోర్లించి, నీడలో పేర్చండి. గట్టు మీద తగలబెట్టకండి. ఆ పొగ ముందు మీ కాపలా మనిషికే తగులుతుంది. చెరువు అడుగున పరిచే నల్ల షీటు పాతదైతే చెప్పండి, అది మందమైన మంచి సరుకు. ఉప్పునీటి వల్ల రెండుసార్లు కడగాలి, అంతే. మందుల పౌడర్లు వచ్చే వెండి రంగు ప్యాకెట్లు మాత్రం వాటిలో కలపవద్దు.

బల్ల మీది చిప్స్ ప్యాకెట్ సంగతి ఇంకా చెప్పలేదు. దీని లోపల మెరిసేది అల్యూమినియం పూత. పొర మీద పొర అతికించి చేస్తారు. గాలి, వెలుతురు, చెమ్మ లోపలికి పోకుండా కాపాడుతుంది, తయారుచేసినవాళ్ల తెలివిని తక్కువ చేయను. కానీ ఆ పొరలను విడదీసే శక్తి మా లాంటి యూనిట్‌కు లేదు. షాంపూ, పాన్ మసాలా పొట్లాల సంగతి కూడా అంతే. ఇవి సిమెంటు బట్టీల్లో బొగ్గుకు తోడుగా మండించడానికి పోవాలి. కవర్ల వంటి ప్లాస్టిక్‌ను ముక్కలు చేసి తారు రోడ్లలోనూ వాడుతున్నారు. మధురైలో త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ వేడి కంకర మీద ప్లాస్టిక్ ముక్కలు చల్లి, పూత పట్టించి, ఆ తర్వాత తారు కలిపే పద్ధతి రూపొందించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఎక్కడా చోటు దొరకని కవరుకు అది ఒక దారి. అయితే మళ్లీ సరుకుగా మారగల శుభ్రమైన చీర కవరును రోడ్డులో పోయడానికి మాత్రం నాకు మనసు ఒప్పదు.

చట్టం గురించి వర్తకులు అడిగారు, క్లుప్తంగా చెబుతాను. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీ బ్యాగులు అమ్మకూడదు, ఇవ్వకూడదు. అదే ఏడాది జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, గ్లాసులు, ప్లేట్ల వంటి కొన్ని వస్తువులపై నిషేధం ఉంది. వీటికంటే మనకు ఉపయోగపడేది 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్పత్తిదారుల బాధ్యత నియమం. కవరులో సరుకు పెట్టి అమ్మే కంపెనీ, ఆ కవరుకు చివరిదాకా బాధ్యత వహించాలి. మెత్తని ప్యాకింగ్‌ను అందులో రెండో తరగతిగా పెట్టారు. కనీసం ఇంత రీసైకిల్ కావాలని 2024-25కు 30 శాతం లెక్క కట్టి, ఏటా పెంచుతూ 2027-28కి 60 శాతానికి తీసుకువెళ్తున్నారు. ఇంత ప్లాస్టిక్ రీసైకిల్ అయిందని చెప్పే ధ్రువపత్రాలను నమోదైన రీసైక్లర్ల దగ్గర కంపెనీలు కొనాలి. అందులో మోసాలు జరిగాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2023లో తనిఖీ చేస్తే లక్షల సంఖ్యలో నకిలీ పత్రాలు బయటపడ్డాయి. కాగితం మీద రీసైకిల్ చేసినవాడు లాభపడి, కాటా మీద తూచి చేసినవాడు నష్టపోతే ఈ రంగంలో ఎవరూ మిగలరు. అందుకని మీ కొట్టు నుంచి వచ్చే ప్రతి సంచికీ మేము తూకం చీటీ ఇస్తాం. తేదీ, రకం, బరువు రాసి ఇస్తాం. అది దాచుకోండి. మా లెక్క సరిగ్గా ఉందో లేదో మీరే చూడవచ్చు.

2021 అక్టోబరులో ప్లాస్టిక్ తుక్కు మీద జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. చిన్న కొట్లవాళ్లు, మా లాంటివాళ్లు అప్పుడు ఎంత ఇబ్బంది పడ్డామో ఇక్కడ ఉన్న పాత సామాన్ల వ్యాపారులకు తెలుసు. చెత్తలోంచి సరుకు తీసేవాళ్ల మీద పన్ను పెరిగితే, ఆ భారం చివరికి ఏరుకునే మనిషి చేతికి వచ్చే డబ్బులోంచే పోతుంది.

(సభలో నుంచి ఒక పారిశుద్ధ్య కార్మికురాలు: "కొట్ల దగ్గర మంచి కవర్లన్నీ మీరే తీసుకుపోతే, డబ్బాల్లోంచి ఏరుకుని అమ్ముకునే మా మాటేమిటయ్యా?")

అమ్మా, కూర్చోండి. ఈ ప్రశ్న అడిగినందుకు దండం పెడుతున్నాను. ఇది నేనే ముందు చెప్పి ఉండవలసింది. రెండేళ్ల కిందట ఒక వీధిలో మా ఆటో పంపి నేరుగా కొట్ల దగ్గర తీసుకోవడం మొదలుపెట్టాను. చాలా శుభ్రమైన సరుకు వచ్చింది, సంతోషించాను. నెల తర్వాత మా పెద్దమ్మ వచ్చి, ఆ వీధిలో డబ్బాలు ఏరుకునే రెండు కుటుంబాలకు రోజు గడవడం లేదని చెప్పారు. అట్టపెట్టెలు, కవర్లు అమ్ముకుని వాళ్లు బియ్యం కొనుక్కునేవాళ్లు. నా సంతోషం కింద వాళ్ల ఆకలి ఉందని నాకు తెలియలేదు. అది నా తప్పు. మరుసటి వారం ఆటో ఆపేశాను. ఆ రెండు కుటుంబాలకే ఆ వీధి అప్పగించాం. తోపుడు బండి, కాటా, తూకం చీటీల పుస్తకం ఇచ్చాం. కొట్టు నుంచి వాళ్లే తీసుకుంటారు, వాళ్లే తూస్తారు, మా గేటు దగ్గర కిలో లెక్కన నేను కొంటాను. అంతకు ముందు డబ్బాలో తడిసిన సరుకుకు వాళ్లకు వచ్చేదానికంటే పొడి సరుకుకు ఎక్కువే వస్తోంది. కుళ్లిన కూరల్లో చేతులు పెట్టే పని తప్పింది, గాజు పెంకులు గుచ్చుకోవడం తప్పింది. 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే చెత్త ఏరుకునేవాళ్లను గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని చెప్పారు. ఇప్పుడు మొదలుపెట్టబోయే వీధుల్లో కూడా అదే పద్ధతి. ఏ వీధి ఎవరిదో మీరు మీలో మాట్లాడుకుని చెప్పండి. నేను నిర్ణయించను.

(ఒక వర్తకుడు: "కొట్టు తెరిచే హడావుడిలో కవర్లు వేరు చేసి రెండు సంచుల్లో వేయడం ఎవరు చూసుకుంటారండీ?")

సంచులు బేలు విప్పే కుర్రాడి చేతికి అందేటట్టు ఉంటే అతనే చూసుకుంటాడు. నడిచి వెళ్లి వేయాలంటే ఎవరూ వేయరు, నేనైనా వేయను. అందుకని బేలు విప్పే చోట గోడకు రెండు మేకులు కొట్టించండి, అతని భుజం ఎత్తులో. ఎడమ మేకుకు తెల్ల సంచి, సాగే కవర్లకు. కుడి మేకుకు నీలం సంచి, కరకరలాడే కవర్లకు. అనుమానం వస్తే నీలం సంచిలో వేయమనండి, అక్కడ మేము మళ్లీ చూసుకుంటాం. టీ కప్పుకు వేరే డబ్బా, అది సంచులకు నాలుగడుగుల దూరంలో ఉండాలి. మేము ఇంతవరకు వెళ్లిన కొట్లలో ఈ నాలుగడుగుల దూరమే పెద్ద తేడా తెచ్చింది. కొట్టు యజమాని చెబితే కుర్రాడు రెండు రోజులు చేస్తాడు. ఆ సంచి డబ్బు కుర్రాడికే వదిలేస్తే రోజూ చేస్తాడు. ఒక కొట్టు యజమాని అలాగే వదిలేశారు. ఆ కొట్టు సంచిలో ఇప్పుడు ఒక్క కాగితం ముక్క కూడా ఉండదు.

వచ్చే సోమవారం నుంచి బట్టల కొట్ల వీధిలో మొదలుపెడదాం. పొద్దున పదకొండు గంటలకు బండి వస్తుంది, బేళ్లు విప్పడం అయిపోయాక, భోజనాల వేళ కాకముందు. వానొస్తే సంచులు లోపలికి జరపండి, మరునాడు తీసుకుంటాం. సంచులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు రెండేసి తీసుకెళ్లండి. మేకులు కూడా పొట్లం కట్టి పెట్టాను.

ఇప్పుడు మీ జేబుల్లో, చేతి సంచుల్లో ఏదో ఒక కవరు ఉండే ఉంటుంది. ముందుకు రండి. పెద్దమ్మ కూడా వస్తున్నారు. ముందు ఆవిడ చెవి దగ్గర నలుపుతారు, తర్వాత కత్తిరించి ఈ గ్లాసులో వేసి చూద్దాం.